మిలిట్రీ తాత పింఛను

పోయిన నవంబరులో ఒక ఆదివారం పొద్దున్నే మా పక్కింటి తాత వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మాది పెనుకొండ. తాత సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎంతమందికి తెలుసో గానీ, 'మిలిట్రీ తాత' అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

"ఏం నాయనా, ఇంజనీరింగు సదువుతాండావు గదా. నేను బతికే ఉండానని ఈ ఫోన్లో సూపియ్యల్లంట. సూపిస్తావా?" అన్నాడు.

నవ్వొచ్చింది. కానీ తాత నవ్వలేదు. రెండు నెలలుగా పింఛను పడలేదట. బ్యాంకుకు పోతే 'మా చేతుల్లో లేదు, ఆన్‌లైన్లో చూసుకోండి' అన్నారట. విషయం ఏంటంటే, ఆ ఏడు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఫోన్లో ముఖం చూపించే యాప్ వేశాను. రెండుసార్లు ఫెయిలయింది. ఆపరేషన్ అయిన కళ్ళు, యాప్ చెప్పినప్పుడు సరిగ్గా రెప్ప వేయలేకపోయాడు. మూడోసారి మిద్దె మీదికి తీసుకుపోయి వెలుతుర్లో నిలబెడితే పని అయింది. తర్వాత ఆగిన నెలలతో సహా డబ్బు పడింది.

ఆ రోజు తాత అడిగిన ప్రశ్నలు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. ఈ డబ్బు ఎవరిస్తారు? మందులు ఎవరిస్తారు? ఎందుకు ఆగుతాయి? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మాజీ సైనికుల ఇళ్ళు తక్కువేమీ కావు. మన క్లాసుల్లోనే వాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఉన్నారు. అందుకే తెలుసుకున్నది తెలుసుకున్నట్టు రాస్తున్నాను.

సైనికుడికి పింఛను ఎందుకంత ముఖ్యం?

మామూలు ప్రభుత్వ ఉద్యోగి అరవై ఏళ్ళ దగ్గర రిటైరవుతాడు. అప్పటికి పిల్లలు స్థిరపడి ఉంటారు. జవాను సంగతి అలా కాదు. సైన్యానికి వయసులో ఉన్నవాళ్ళు కావాలి కాబట్టి సిపాయి పదిహేను, పదిహేడేళ్ళ సర్వీసుతో బయటికి వచ్చేస్తాడు. అంటే నలభై కూడా నిండవు. పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు. జవాన్లకు పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఆ పింఛను అంత చిన్న వయసులో మొదలై, తర్వాత ముప్పై నలభై ఏళ్ళు ఆ ఇంటికి ఆధారంగా నిలుస్తుంది. మన దేశంలో రక్షణ పింఛన్ల లెక్క పెద్దదిగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

వంద రూపాయల లెక్క

2025–26 కేంద్ర బడ్జెట్లో రక్షణ శాఖకు కేటాయించింది 6,81,210 కోట్ల రూపాయలు. అందులో పింఛన్లకే 1,60,795 కోట్లు. దీన్ని వంద రూపాయల్లోకి మారిస్తే, 23 రూపాయల 60 పైసలు పింఛన్లకు పోతాయి. ఈ డబ్బు 34 లక్షల మందికి పైగా పింఛనుదారులకు, కుటుంబ పింఛనుదారులకు చేరాలి.

మరి వైద్యానికి? మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌కు అదే ఏడాది 8,317 కోట్లు ఇచ్చారు. అంతకుముందు ఏడాది 6,968 కోట్లు. ఏడాదిలో పంతొమ్మిది శాతం పెరిగింది. అయినా మన వంద రూపాయల్లో అది రూపాయీ ఇరవై పైసలే. తాతకు ఈ లెక్క చెబితే, "పింఛిని నాకు, రోగం కూడా నాకే గదా" అన్నాడు.

ఒకే ర్యాంకు, ఒకే పింఛను

ఇద్దరు హవల్దార్లు. ఇద్దరిదీ ఒకే సర్వీసు. ఒకాయన 1990లో, ఇంకొకాయన 2010లో రిటైరయ్యారు. మధ్యలో పే కమిషన్లు వచ్చి జీతాలు పెరిగాయి కాబట్టి రెండో ఆయనకు పింఛను ఎక్కువ. మొదటి ఆయన చేసిన కాపలా తక్కువదా? ఈ ప్రశ్న మీదే 2015లో మాజీ సైనికులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు.

2015 నవంబరు 7న ఉత్తర్వు వచ్చింది. దాన్ని 2014 జూలై 1 నుంచి వర్తింపజేశారు. 2013లో రిటైరైనవాళ్ళలో ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు వాళ్ళకు వచ్చిన కనిష్ఠ, గరిష్ఠ పింఛన్ల సగటు తీసి, పాతవాళ్ళను ఆ స్థాయికి తెచ్చారు. సగటు కంటే ఎక్కువ వచ్చేవాళ్ళకు తగ్గించలేదు. ఐదేళ్ళకొకసారి మళ్ళీ లెక్క కట్టాలని పెట్టారు. అలా 2019లో, 2024లో సవరించారు. ఏటా సవరించాలన్నది ఉద్యమకారుల కోరిక. కానీ ప్రభుత్వ విధానంలో రాజ్యాంగ దోషమేమీ లేదని సుప్రీంకోర్టు 2022 మార్చిలో తేల్చింది.

డబ్బు పంపే పద్ధతి కూడా మారింది. ఇదివరకు బ్యాంకులే లెక్కలు చూసేవి. ఇప్పుడు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా రక్షణ శాఖ లెక్కల విభాగమే నేరుగా ఖాతాలో వేస్తుంది. దళారీ లేడు, మంచిదే. కానీ లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ డెబ్బై ఏళ్ళ మనిషి చేతికొచ్చాయి. ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే కంప్యూటరు తన పని తాను చేసేస్తుంది. తాత రెండు నెలల కథ అదే.

ఈసీహెచ్ఎస్: కార్డు ఉంటే చాలదు

ఈ పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు మాజీ సైనికుడికి జబ్బు చేస్తే సైనిక ఆసుపత్రే ముఖ్యమైన దిక్కు. మన వైపు నుంచి అంటే బెంగళూరు కమాండ్ ఆసుపత్రి దాకా పోవాలి. ఊళ్ళకు దగ్గరగా వైద్యం అందాలని పాలీక్లినిక్‌లు పెట్టారు. దేశం మొత్తం మీద అవి నాలుగు వందలకు పైగా ఉన్నాయి.

ఇది ఉచితం కాదు, చందా కట్టి చేరేది. రిటైరయ్యేటప్పుడు ఒక్కసారి కడితే జీవితాంతం భార్యకు, ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది. 2017 డిసెంబరులో సవరించిన రేట్ల ప్రకారం హవల్దారు వరకు 30,000, జేసీవోలకు 67,000, ఆఫీసర్లకు 1,20,000 రూపాయలు. 1996కు ముందు రిటైరైనవాళ్ళకు, యుద్ధంలో భర్తను కోల్పోయినవాళ్ళకు చందా లేదు.

పని జరిగే తీరు ఇది. ముందు పాలీక్లినిక్‌కు పోవాలి. అక్కడి డాక్టరు చూసి, పెద్ద వైద్యం అవసరమైతే రెఫరల్ రాస్తారు. ఆ కాగితంతో పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పోతే డబ్బు కట్టక్కర్లేదు, బిల్లు ప్రభుత్వానికి పోతుంది. రెఫరల్ లేకుండా నేరుగా పోతే సాధారణంగా మామూలు రోగి కిందే లెక్క. గుండెపోటు, యాక్సిడెంటు లాంటి అత్యవసరాల్లో మాత్రం నేరుగా పోవచ్చు. పథకంలో లేని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. తర్వాత బిల్లులు పెట్టుకుంటే ప్రభుత్వం ఖరారు చేసిన రేట్ల మేరకే తిరిగి ఇస్తారు. మిగతాది మన జేబులోంచే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, దూరం దగ్గర. బీపీ మాత్రల కోసం ఒక పూట, షుగరు పరీక్షకు ఒక పూట, రెఫరల్‌కు ఇంకో పూట. మన ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలు మార్గం మీదే ఉన్నాయి కాబట్టి చాలామంది పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి వస్తారు. రాయితీ వైద్యమే, కానీ తోడు వచ్చినవాడి కూలి, టికెట్లు, హోటల్ భోజనం ఏ బడ్జెట్లోనూ ఉండవు.

రెండో చిక్కు బకాయిలు. బడ్జెట్ చాలక బిల్లులు పేరుకుపోతే ప్రైవేటు ఆసుపత్రులు ఈసీహెచ్ఎస్ రోగిని చేర్చుకోవడానికి వెనకాడతాయి. రోగికి రెఫరల్ చేతిలో ఉంటుంది, మంచం మాత్రం దొరకదు. అమెరికాలో మాజీ సైనికుల శాఖకు సొంత ఆసుపత్రులే ఉన్నాయి. అక్కడ బడ్జెట్ తగాదాల్లో వైద్యం ఆగకూడదని, ఒక ఏడాది ముందే వైద్యానికి డబ్బు మంజూరు చేసేలా 2009లో చట్టం చేసుకున్నారు. మనది వేరే దేశం, వేరే లెక్క. కానీ రోగం మార్చి 31 కోసం ఆగదనే సూత్రం ఎక్కడైనా ఒకటే.

రాష్ట్రం వాటా, మన వాటా

పింఛను, ఈసీహెచ్ఎస్ కేంద్రానివి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మాత్రం రాష్ట్రానిది. దాని ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. పింఛను రానివాళ్ళు కూడా ఉంటారు కదా, కొద్ది కాలమే చేసి వచ్చేసినవాళ్ళు, వాళ్ళ భార్యలు. 65 ఏళ్ళు దాటిన అలాంటి పేదలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు 4,000 ఇచ్చేది. 2025 నవంబరు 1 నుంచి దాన్ని 8,000 చేశారు. పిల్లల చదువు సాయం నెలకు 1,000 నుంచి 2,000 అయింది. ఈ డబ్బు మనం డిసెంబరు 7న చొక్కాకు పెట్టుకునే జెండా దినం నిధి నుంచి వస్తుంది. స్కూల్లో పది రూపాయలిచ్చి ఆ జెండా కొన్నది గుర్తుందా? అది ఇక్కడికే చేరుతుంది.

మాజీ సైనికుల పిల్లలైన మన జూనియర్లకు ఒక మాట. ప్రైమ్ మినిస్టర్స్ స్కాలర్‌షిప్ కింద బీటెక్ లాంటి కోర్సుల్లో అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500 ఇస్తారు. ఇంటర్లో కనీసం 60 శాతం ఉండాలి. మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి. రెండో ఏడాదిలో తెలిస్తే ఇక అంతే సంగతులు. అలాగే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో 'క్యాప్' కోటా కింద 2 శాతం సీట్లు సైనికుల పిల్లలకు ఉన్నాయి.

కల్లి తండా వేసిన ప్రశ్న

2025 మే 9న జమ్మూ కశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు మన జిల్లా పిల్లవాడు మురళీ నాయక్ బలయ్యాడు. గోరంట్ల మండలం కల్లి తండా, పెనుకొండ నియోజకవర్గమే. పాతికేళ్ళు నిండని కుర్రాడు. కూలి చేసుకుని పెంచిన తల్లిదండ్రులు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల పొలం, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది.

మురళీ నాయక్ అగ్నివీరుడు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ కింద సర్వీసు నాలుగేళ్ళే. జీతం మొదటి ఏడాది 30,000తో మొదలై నాలుగో ఏడాదికి 40,000 అవుతుంది. అందులో 30 శాతం పక్కన పెడతారు. నాలుగేళ్ళకు అది 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11.71 లక్షలు చేతికిస్తారు. నాలుగో వంతు వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతావాళ్ళకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు.

విధి నిర్వహణలో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు జీతం ఇస్తారు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ శత్రువు కాల్పుల్లో చనిపోయిన రెగ్యులర్ సైనికుడి భార్యకు చివరి జీతంతో సమానమైన కుటుంబ పింఛను నెలనెలా వస్తుంది. అగ్నివీరుడి కుటుంబానికి అది లేదు. ఈ తేడా సమానత్వానికి విరుద్ధమని మురళీ నాయక్ తల్లి బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు.

ప్రభుత్వం చెప్పే వాదన కూడా ఉంది. సైన్యం సగటు వయసు తగ్గాలి, పింఛన్ల భారం పెరుగుతూ పోతే ఆయుధాలకు డబ్బు చాలదు. వంద రూపాయల లెక్క చూశాక ఆ వాదనను కొట్టిపారేయలేం. అయితే ఆదా అయ్యే ఆ డబ్బు ఎవరింట్లో తగ్గుతుందో కూడా లెక్కలో రాసుకోవాలి కదా. తొలి బ్యాచ్ అగ్నివీరులు 2022 చివర్లో, 2023 మొదట్లో చేరారు. నాలుగేళ్ళు కలుపుకోండి. వాళ్ళ వయసు మన వయసే. ఇంటర్లో మన పక్క బెంచీవాళ్ళు.

మనం చేయగలిగింది

బడ్జెట్ మన చేతుల్లో లేదు. కానీ బడ్జెట్లో ఉన్న డబ్బు మన వీధి దాకా వచ్చి గడప దగ్గర ఆగిపోయినప్పుడు, ఆ గడప దాటించడం మన చేతుల్లో ఉంది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ వీధిలో మాజీ సైనికుడో, ఆయన భార్యో ఉంటే మూడు విషయాలు అడగండి. ఈ ఏడు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా? స్పర్శ్‌లో ఫోన్ నంబరు, భార్య పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా? ఈసీహెచ్ఎస్ కార్డు పనిచేస్తోందా? భార్య పేరులో ఒక్క అక్షరం తప్పుంటే, రేపు కుటుంబ పింఛనుకు ఆమె ఎన్ని ఆఫీసులు తిరగాలో తిరిగినవాళ్ళకే తెలుసు.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు తాత రికార్డులో అవ్వ పేరు సరిచేయడానికి కూర్చున్నాం. ఆధార్‌లో ఒకటి, సర్వీసు కాగితాల్లో ఇంకొకటి ఉంది. అవ్వ మాత్రం వంటింట్లోంచి, "నన్ను ఈయప్ప పేరు పెట్టి పిలిసిందే లేదు, ఇప్పుడు రాపిస్తాండాడా!" అంది. తాత ఈసారి నవ్వాడు. అప్లికేషన్ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు. వారానికొకసారి లాగిన్ అయి చూస్తున్నాను.