స్టోరు బియ్యం కోటా, ధర ఎట్లా నిర్ణయమవుతాయి?

రుద్రవరం: నల్లమల అంచున తెలుగుగంగ కాలువ కింద వరి పండే ఈ మండలంలోనూ, ఇటు ఆళ్లగడ్డ, అటు నంద్యాల మార్కెట్లలోనూ వడ్ల వర్తకులు ఎక్కువగా చూసేది సన్నాల వంకే. బెంగుళూరు, మద్రాసు వైపు గిరాకీ ఎట్లా వున్నది, మిల్లర్ల వద్ద నిలవలు ఎంత వున్నవి అన్నవే వారి ప్రశ్నలు. చౌకధరల దుకాణం బియ్యం తమ వ్యాపారానికి సంబంధించినది కాదని అనుకునేవారు చాలామంది. అయితే దొడ్డు బియ్యానికి, నూకలకు, తక్కువ రకం సన్నాలకు అడుగు ధర నిర్ణయించేది ఆ స్టోరు బియ్యమే. ఒక ఇంటికి నెలకు ఇరవై కిలోలు ఉచితంగా చేరితే, ఆ ఇల్లు బజారులో కొనే బియ్యం ఆ మేరకు తగ్గుతుంది. కోటాలో ఒక కిలో మార్పు వచ్చినా దాని ఫలితం మండీలో కనిపించక తప్పదు. కనుక ఈ కోటా, ఈ ధర ఎవరు, ఏ లెక్క మీద నిర్ణయిస్తారో తెలుసుకోవడం వర్తకులకు అవసరం.

ముందుగా ఒక తేడా గమనించాలి. అమెరికాలో పేదలకు ఇచ్చే ఆహార సహాయం డాలర్లలో వుంటుంది. పొదుపుగా వండుకునే నలుగురు మనుషుల కుటుంబానికి నెలకు కావలసిన సరకుల జాబితా ఒకటి అక్కడి వ్యవసాయ శాఖ తయారు చేసి పెట్టుకున్నది. ఏటా జూన్ నెలలో ఆ సరకుల ధర ఎంత పలికిందో చూసి, అక్టోబరు 1 నుండి సహాయం మొత్తాన్ని సవరిస్తారు. 2025 అక్టోబరు నుండి నలుగురి కుటుంబానికి గరిష్ఠ మొత్తం నెలకు 994 డాలర్లు. కుటుంబానికి నికర ఆదాయం వుంటే అందులో నూటికి ముప్ఫై వంతున తగ్గించి మిగిలినది ఇస్తారు. అంటే అక్కడ ధర పెరిగితే డబ్బు పెరుగుతుంది. కాని పెరుగుదల కొన్ని నెలలు వెనకబడి వస్తుంది.

మన వద్ద పద్ధతి తలకిందులు. ఇక్కడ స్థిరంగా వుండేది తూకం. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం మామూలు కార్డులో పేరున్న మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డు అయితే ఇంటిలో ఎందరున్నా 35 కిలోలు. బజారు ధర ఎంత ఎగిసినా, ఎంత పడినా కార్డుదారునికి ముట్టే గింజ మారదు. మారేది సర్కారు ఖర్చు.

వర్తకుని లెక్కలో

ఈ సహాయం విలువ ఎంతో వర్తకుల పద్ధతిలోనే కట్టి చూడవచ్చు. 2025-26 సీజనుకు సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మరపట్టిస్తే క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం రావాలన్నది సర్కారు లెక్క. ఆ ప్రకారం బియ్యం క్వింటాలుకు వడ్ల ఖరీదే 3,536 రూపాయలు, కిలోకు 35 రూపాయల 36 పైసలు పడుతున్నది. మర కూలి, గోనె సంచులు, హమాలీ, లారీ కిరాయి, గోదాము అద్దె, వడ్డీ ఇందులో లేవు. ఈ లెక్కన మనిషికి నెలకు 5 కిలోల విలువ 177 రూపాయలకు కొంచెం తక్కువ. నలుగురున్న ఇంటికి 707 రూపాయలు.

చట్టం వచ్చిన 2013-14లో ఇదే రకం వడ్ల మద్దతు ధర 1,310 రూపాయలు. అదే లెక్కన కిలో 19 రూపాయల 55 పైసలు. అప్పట్లో రాష్ట్రంలో కార్డుదారుడు కిలోకు రూపాయి చెల్లిస్తున్నాడు కనుక 5 కిలోల మీద అతనికి కలిసివచ్చే మొత్తం సుమారు 93 రూపాయలు. పన్నెండేళ్లలో ఈ మొత్తం దాదాపు రెట్టింపయింది. సహాయం పెంచుతున్నామని ప్రత్యేకంగా ఎవరూ ఉత్తర్వు వెలువరించలేదు. మద్దతు ధర పెరిగినప్పుడల్లా అదే పెరుగుతూ వచ్చింది. ఢిల్లీలో వ్యవసాయ ఖర్చుల, ధరల కమిషను సిఫారసు చేసే అంకె రైతుకు గిట్టుబాటు కోసం అని అందరూ అనుకుంటారు. స్టోరు ముందు వరుసలో నిలబడే కూలికి ఇచ్చే సహాయాన్ని సవరించే అంకె కూడా అదే.

రెండు రూపాయల చరిత్ర

రాష్ట్రంలో ధర కథ వేరు. అది ఎన్నికలతో ముడిపడి వున్నది. 1983 జనవరి ఎన్నికలకు ముందు ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానం చేయగా, అప్పటి ముఖ్యమంత్రి, కర్నూలు జిల్లా వాసి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1 రూపాయి 90 పైసలకే బియ్యం ప్రకటించింది. పది పైసలు తగ్గించినా ఓట్లు అటు తిరగలేదు. 1983 ఏప్రిల్‌లో రెండు రూపాయల పథకం మొదలయింది. ఏడాదికి ఆరువేల రూపాయల లోపు ఆదాయం వున్న కుటుంబాలకు మనిషికి 5 కిలోలు, ఇంటికి 25 కిలోలకు మించకుండా ఇచ్చారు.

ఆ రెండు రూపాయల అంకెను అప్పట్లో ఆర్థికవేత్తలు ఎద్దేవా చేసినా, వర్తకుని లెక్కలో అది మరీ గాలి అంకె కాదు. 1983-84లో వడ్ల మద్దతు ధర 132 రూపాయలు. నేటి 67 కిలోల లెక్కన కిలో బియ్యంలో వడ్ల ఖరీదు 1 రూపాయి 97 పైసలు! పైఖర్చులు సర్కారు భరిస్తే సరిపోయేది. అసలు చిక్కు తరువాత వచ్చింది. మద్దతు ధర ఏటా కదిలింది, రెండు రూపాయలు కదలలేదు.

కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చే బియ్యం ధర, అంటే కేంద్ర జారీ ధర, సాధారణ రకానికి 1991 డిసెంబరులో క్వింటాలుకు 377, 1993 జనవరిలో 437, 1994 ఫిబ్రవరిలో 537 రూపాయలయింది. ఈ మధ్యలో రాష్ట్ర ధర మూడున్నరకు పెరిగింది. 1994 డిసెంబరులో రామారావు తిరిగి అధికారానికి రాగానే మళ్లీ రెండు రూపాయలు. అంటే కేంద్రానికి కిలోకు 5 రూపాయల 37 పైసలు చెల్లించి తెచ్చిన బియ్యం మీద 3 రూపాయల 37 పైసలు రాష్ట్ర ఖజానా నుండి పోవలసినదే. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ధరను మూడున్నరకు పెంచింది. 2000లో అది అయిదు రూపాయలు దాటింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్రం కూడా తన పద్ధతి మార్చి, దారిద్ర్యరేఖ దిగువన వున్నవారికి మొత్తం ఖర్చులో సగం ధరకు, ఎగువ వారికి పూర్తి ఖర్చుకు ఇస్తామని ప్రకటించింది. జారీ ధర, ఖర్చు ఒకదానికొకటి కట్టుబడి వున్న కాలం అంటే ఇదొక్కటే అని చెప్పవచ్చు. అదీ ఎంతో కాలం నిలువలేదు. 2000 జూలైలో పేదలకు 565 రూపాయలు చేసిన ధర, ఆ తరువాత ఖర్చు ఎంత పెరిగినా ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయింది.

2008 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తిరిగి రెండు రూపాయలు చేసింది. 2011 నవంబరు 1న కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం ఒక రూపాయి చేసింది. ఆ సీజనులో వడ్ల మద్దతు ధర 1,080 రూపాయలు. కిలో బియ్యంలో వడ్ల ఖరీదే 16 రూపాయలు దాటి వుండగా స్టోరులో ధర రూపాయి!

అయితే ఆ కాలంలో తూకం మీద కోత వున్నది. మనిషికి 4 కిలోలు, ఇంటికి 20 కిలోలే ఇచ్చారు. ధర తగ్గించినది అందరికీ కనిపిస్తుంది, తూకం తగ్గినది ఎక్కువమంది గమనించరు. కేంద్రం 2002 నుండి దారిద్ర్యరేఖ దిగువ కుటుంబానికి 35 కిలోల లెక్కన ఇస్తూ వచ్చింది. కాని కేంద్రం ఒప్పుకొన్న కుటుంబాలు రాష్ట్రంలో దాదాపు 40 లక్షలే కాగా, రాష్ట్రం ఇచ్చిన తెల్లకార్డులు కోటిని దాటినవి. వున్న బియ్యాన్ని ఎక్కువ ఇళ్లకు పలచగా పంచవలసి వచ్చింది.

నేటి పరిస్థితి

ఈ పేచీ రూపం మార్చుకుని నేటికీ వున్నది. చట్టం కింద కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ఒప్పుకొన్న సంఖ్య 2 కోట్ల 68 లక్షల మంది. రాష్ట్ర బియ్యం కార్డుల్లో పేర్లున్నవారు 4 కోట్ల పైచిలుకు. మిగిలినవారి బియ్యం ఖర్చు రాష్ట్రానిదే. కేంద్రం సంఖ్య 2011 జనాభా లెక్కల మీద కట్టినది. తరువాతి జనాభా లెక్కలకు 2027 మార్చి 1 తేదీని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ అంకెలు వచ్చాక కేంద్రం సంఖ్యను సవరిస్తే వచ్చే తేడాను వర్తకులు ఇప్పటినుండే అంచనా వేసుకోవచ్చు: లక్షమందికి నెలకు 5,000 క్వింటాళ్లు.

రాష్ట్రం తన వంతు అర్హతలను 2019 చివరలో నిర్ణయించింది. గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల లోపు ఆదాయం, మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదని షరతులు పెట్టారు. రుద్రవరం వంటి చోట నాలుగెకరాల మాగాణి వున్న రైతు కార్డుకు అర్హుడు కాడు. తొమ్మిదెకరాల మెట్ట వున్నవాడు అర్హుడు. కాలువ పారిన ఏడు, పారని ఏడు ఈ ఇద్దరిలో ఎవరి ఇంట గింజ వుంటుందో షరతు రాసినవారికి పట్టినట్లు లేదు.

ధర విషయానికి వస్తే, చట్టంలో బియ్యం కిలో 3, గోధుమ 2, చిరుధాన్యం 1 రూపాయి అని మొదటి మూడేళ్లకే రాశారు. తరువాత కేంద్రం పెంచుకోవచ్చు, కాని మద్దతు ధర మించకూడదు. బియ్యానికైతే వడ్ల మద్దతు ధర నుండి పైన చూపిన రీతిలో కట్టిన ధరే ఆ హద్దు. అంటే ఇవాళ 35 రూపాయల వరకు పెంచే అధికారం కాగితం మీద వున్నది. జరిగినది మాత్రం అందుకు వ్యతిరేకం. 2023 జనవరి 1 నుండి కేంద్రం ఉచితం చేసింది. 2024 జనవరి 1 నుండి మరి అయిదేళ్లకు, అంటే 2028 డిసెంబరు చివరి వరకు పొడిగించింది.

తూకం మారితే మార్కెట్టులో ఏమవుతుందో కోవిడ్ కాలం చూపింది. 2020 ఏప్రిల్ నుండి 2022 డిసెంబరు వరకు, నడుమ 2020 డిసెంబరు నుండి 2021 ఏప్రిల్ వరకు విరామం తప్ప, మనిషికి మరో 5 కిలోలు అదనంగా ఇచ్చారు. ఇంటికి అవసరమైన దానికన్న ఎక్కువ గింజ చేరినప్పుడు కొంత తిరిగి బజారుకు రావడం సహజం. అట్లా వచ్చినదాన్ని చవకగా కొనాలనే ఆశ కొందరిలో వుంటుంది. నిత్యావసర సరకుల చట్టం 6-ఎ కింద సరకును, బండిని సైతం జప్తు చేసే అధికారం కలెక్టరుకు వున్నదని మరువరాదు. క్వింటాలుకు మిగిలే నాలుగు డబ్బుల కోసం లారీని పోగొట్టుకోవడం లాభసాటి వ్యాపారం కాదు.

గింజకు బదులు డబ్బు

గింజ మాని నగదు ఇస్తే ఎట్లా వుంటుందన్న ప్రశ్న అప్పుడప్పుడు లేస్తూ వుంటుంది. ఇందుకు కేంద్రం 2015లో నియమాలు చేసింది. బియ్యానికి కట్టిన మద్దతు ధరకు ఒకటింబాతిక రెట్లు లెక్కవేసి, అందులో జారీ ధర తీసివేసి, మిగిలినదాన్ని కోటా తూకంతో హెచ్చించాలి. ఆ ఏడాది సెప్టెంబరులో చండీగఢ్‌లోను, పుదుచ్చేరిలోను నగదు మొదలయింది. పుదుచ్చేరిలో భాగమైన తెలుగువారి యానాం కూడా ఆ పద్ధతి చూసింది. నేటి ధరల మీద ఆ సూత్రం ప్రకారం మనిషికి నెలకు వచ్చేది 221 రూపాయలు.

మన వర్తకులకు మరీ దగ్గరి ఉదాహరణ కర్ణాటకది. 2023లో అన్నభాగ్య కింద మనిషికి మరో 5 కిలోలు ఇవ్వాలని ఆ ప్రభుత్వం తలపెట్టగా, కేంద్రం జూన్‌లో బహిరంగ మార్కెట్టు పథకం కింద రాష్ట్రాలకు బియ్యం అమ్మకం నిలిపివేసింది. బియ్యం దొరకక కర్ణాటక జూలై నుండి కిలోకు 34 రూపాయల వంతున 5 కిలోలకు 170 రూపాయలు బ్యాంకు ఖాతాల్లో వేసింది. ఆ 34 రూపాయలు ఆహార సంస్థ అమ్మకం ధరే తప్ప బెంగుళూరు చిల్లర ధర కాదు. సన్నాలు తినే ఇంటికి ఆ డబ్బుతో 5 కిలోలు వచ్చేవి కావు. ఏడాదిన్నర దాటాక, 2025లో తిరిగి బియ్యమే ఇవ్వసాగారు. నగదు ఇచ్చినన్నాళ్లు ఆ డబ్బులో కొంత మన సన్నాల వైపు, గింజ ఇచ్చినన్నాళ్లు గిరాకీ దొడ్డు రకాల నుండి సర్కారు గోదాము వైపు మళ్లుతుంది. బెంగుళూరుకు సరకు పంపేవారు ఆ రాష్ట్ర ఉత్తర్వులను కూడా చూడవలసి వుంటుంది.

తెలంగాణ మరొక దారి పట్టింది. అక్కడ మనిషికి 6 కిలోలు. 2025 ఉగాది నుండి అది సన్నబియ్యమే. సన్నవడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ఇస్తున్నారు. నంద్యాల ప్రాంతం సన్నాలకు ఇది రెండు వైపులా తగిలే కత్తి. హైదరాబాదు కొనుగోలుదారులలో కొందరు తగ్గవచ్చు. అదే సమయంలో అక్కడి సన్నవడ్లు సర్కారుకే పోతే బజారులో సరకు బిగుసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ స్టోర్లలో కూడా ఆ పద్ధతి వస్తే, ఇక్కడి మిల్లరు సర్కారుతో పోటీ పడి వడ్లు కొనవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. ఈ రోజున రుద్రవరం రైతు సన్నాలను కొనుగోలు కేంద్రానికి తీసుకుపోవాలని చూసేది బజారు ధర మద్దతు ధరకు దిగినప్పుడే.

రోజువారీ వ్యాపారానికి పనికివచ్చే విషయం ఇంకొకటి. 2025 జూన్ నుండి ఇంటింటికీ తిరిగే బండ్లు ఆగి, సరకు మళ్లీ దుకాణాల్లోనే, నెల 1వ తేదీ నుండి 15వ తేదీ వరకు ఇస్తున్నారు. చిల్లర అంగళ్లలో దొడ్డు బియ్యం, నూకల అమ్మకం నెల మొదటి పక్షంలో మందగించి, రెండో పక్షంలో తేరుకోవడానికి కారణం ఇదే. మద్దతు ధర ప్రకటన సాధారణంగా ఖరీఫ్ నాట్లకు ముందు మే, జూన్ నెలల్లో వస్తుంది. కొత్త ధర అక్టోబరులో మొదలయ్యే కొనుగోలు సీజనుకు వర్తిస్తుంది.