తల పలచబడే వేళ చెవి గుబురెక్కుతుంది

ఆదివారం పొద్దున చేవెళ్ల రోడ్డు మీది అజీజ్‌నగర్ లాంటి ఊళ్లలో కటింగ్ షాపు ఖాళీగా ఉండదు. తలపని అయిపోవస్తుంటే అరవై దాటిన పెద్దమనిషి మెడ పక్కకు వంచి, ‘చెవులల్ల కూడా జర తియ్యి బిడ్డా’ అంటాడు. నెత్తిమీద కత్తెరకు పని తగ్గే వయసులోనే చెవి దగ్గర పని మొదలవుతుంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే హార్మోను.

చెవి డొప్ప మీద చిన్నప్పటి నుంచీ కంటికి ఆనని నూగు ఉంటుంది. మగవాళ్లలో టెస్టోస్టెరాన్, వెంట్రుక కుదురు దగ్గర డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుతుంది. బట్టతల రాసిపెట్టి ఉన్నవారి నడినెత్తిన అది కుదుళ్లను ఏటికేడు కుంచింపజేస్తుంది. చెవి, ముక్కు, కనుబొమల దగ్గర మాత్రం నూగును నల్లటి ముతక వెంట్రుకగా పెంచుతుంది. ఏ కుదురు దానికి ఎలా స్పందించాలన్నది పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది. గడ్డానికి పదహారేళ్లు చాలు, చెవికి దశాబ్దాలు కావాలి. వయసు మళ్లాక హార్మోను తగ్గుతుందే తప్ప పెరగదు. అయినా వెంట్రుక వస్తుందంటే, అది ఏళ్ల తరబడి పేరుకున్న ప్రభావమన్నమాట. ఆడవాళ్లలో ఇలా రావడం అరుదు.

ఈ వెంట్రుక కథలో ఒక తెలుగువాడికి పెద్దపీట వేయాలి. పిఠాపురంలో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు. ఖరీదైన పరికరాలు లేకున్నా కళ్లు తెరిచి చూస్తే విజ్ఞానం దొరుకుతుందని నమ్మిన గురువు ఆయన. శిష్యుడు ఆంధ్రదేశపు కుటుంబాల్లో చెవులు చూసి, వంశవృక్షాలు గీసి, ఈ లక్షణం తండ్రి నుంచి కొడుకుకు వై క్రోమోజోము వెంట నడుస్తుందని 1960లో ప్రచురించాడు. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు దాన్ని అందుకున్నాయి.

చిక్కంతా వయసుతోనే. ఇరవై ఏళ్ల కొడుకు చెవి నున్నగా ఉంటే అతనికి ఆ లక్షణం రాలేదనాలా, ఇంకా బయటపడలేదనాలా? వంశవృక్షం ఒక్కటే ఈ ముడి విప్పలేదు. 2004లో లీసెస్టర్ విశ్వవిద్యాలయ బృందం దక్షిణ భారతంలో చెవి వెంట్రుకలున్న మగవారి వై క్రోమోజోములను, లేనివారి వాటితో పోల్చింది. లక్షణం వై మీదే ఉంటే వాళ్లందరి క్రోమోజోములూ ఒక తీరుగా కనిపించాలి. అలా కనిపించలేదు. అవి రకరకాలుగా, మామూలు జనంలో ఉన్నట్టే ఉన్నాయి. పాత మాట ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో మిగిలి ఉండటం నాకు బాధగా ఉంటుంది. ద్రోణంరాజు ప్రశ్ననూ, దానికొచ్చిన సవరణనూ పక్కపక్కన చెబితే పిల్లలకు ఎంత మంచి పాఠం!

ఇక ఇంటి సంగతి. చెవి రంధ్రం మొదట్లో ఉండే సన్నని వెంట్రుకలు గులిమితో కలిసి దుమ్మును ఆపుతాయి, వాటి జోలికి పోవద్దు. డొప్ప మీద, అంచున పెరిగినవాటిని గుండ్రటి మొన ఉన్న కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో కత్తిరిస్తే చాలు. పీకితే కుదురు చీము పట్టొచ్చు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు. వినికిడి యంత్రం పెట్టుకునే పెద్దలకు లోపల గుబురు పెరిగి గులిమి అడ్డుపడితే యంత్రం సరిగా కూర్చోదు, కూత పెడుతుంది. అప్పుడు అగ్గిపుల్ల ముట్టకుండా చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.