అట్ట హెలికాప్టరుకు లోపలి అమరిక



బడిలో సైన్సు ప్రదర్శన అనగానే మన పిల్లలు అట్టతోనో, థర్మోకోల్‌తోనో విమానాలూ హెలికాప్టర్లూ చేసి తెస్తారు. దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉంటాయి. దగ్గరకు వెళ్ళి అద్దంలోంచి తొంగి చూస్తే లోపల ఏమీ ఉండదు. నడిపేవారు కూర్చునే చోటును కాక్‌పిట్ అంటారు. ఆ చోటు లేని హెలికాప్టరు మూలవిరాట్టు లేని గుడి వంటిది. బజారులో కొనకుండా, ఇంట్లో దొరికే వస్తువులతోనే దానిని ఎలా అమర్చాలో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

నమూనాగా చేతక్ హెలికాప్టరును తీసుకుందాం. ఇది ఫ్రాన్సు వారి అలూయెట్ 3. 1960ల నుంచి బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ దీనిని చేతక్ పేరుతో తయారు చేసింది. దీని ముందు భాగం దాదాపు అంతా అద్దమే. అందువల్ల లోపల ఏం పెట్టినా కనబడుతుంది, పెట్టకపోయినా కనబడుతుంది. పైగా ఇది మనకు దూరపుది కాదు. పరదరామి నుంచి గుడియాత్తం వెళ్ళి రైలెక్కితే, కాట్పాడి దాటాక అరక్కోణం వస్తుంది. అక్కడ ఐ.ఎన్.ఎస్. రాజాళి అనే నౌకాదళ విమాన స్థావరం 1992లో ప్రారంభమైంది. నౌకాదళం వారి హెలికాప్టర్ శిక్షణ పాఠశాల అందులోనే ఉంది. 2024 జూన్‌లో అనామిక బి. రాజీవ్ గారు అక్కడే శిక్షణ ముగించి, మన నౌకాదళంలో తొలి మహిళా హెలికాప్టర్ పైలట్ అయ్యారు.

ఇక కొలతలకు వద్దాం. అసలుకు 24వ వంతు నమూనా చేస్తే లెక్క సులభం. అసలులో అడుగు, నమూనాలో అరంగుళం. అసలులో అంగుళం, నమూనాలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఈ రెండు మాటలు పలక మీద రాసి పెట్టుకుంటే చాలు. చేతక్ పైరెక్కలు తిరిగే వలయం అడ్డుకొలత 11 మీటర్లు. నమూనాలో అది సుమారు 46 సెంటీమీటర్లు.

లోపలి కొలతలకు పటం దొరకలేదని దిగులు పడనక్కరలేదు. ముందుగా ఒక అట్ట మనిషిని కత్తిరించండి. అయిదున్నర అడుగుల మనిషి నమూనాలో రెండుంబావు అంగుళాలు కాదు, రెండుముప్పావు అంగుళాలు. నడుము దగ్గర, మోకాళ్ళ దగ్గర మడిచి కూర్చోబెట్టండి. కుర్చీ ఎత్తు, కాళ్ళు ఆనే చోటు, చేయి అందే దూరం, అన్నీ అతనే చెబుతాడు. చేతక్‌లో ముందు వరుసలో ముగ్గురు, వెనుక నలుగురు కూర్చోవచ్చు. పైలట్ కూర్చునేది ముందు వరుసలో కుడివైపున, మన బస్సు డ్రైవరు లాగే.

ఇప్పుడు అసలు విషయం. ఏ వస్తువు ఎందుకు ఉందో తెలిస్తేనే అది ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. హెలికాప్టరును నడిపే సాధనాలు ముఖ్యంగా మూడు. మొదటిది పైలట్‌కు ఎడమపక్కన నేల నుంచి ఏటవాలుగా లేచే మీట. కారులో హ్యాండ్ బ్రేకును గుర్తు చేసుకోండి. దీనిని కలెక్టివ్ అంటారు. దీనిని పైకెత్తితే పైరెక్కలన్నీ ఒకేసారి ఒకే కోణంలో వాలి గాలిని ఎక్కువగా కిందికి నెడతాయి. హెలికాప్టరు పైకి లేస్తుంది. రెండవది మోకాళ్ళ మధ్య నిలబడే కడ్డీ. దాని పేరు సైక్లిక్. దానిని ఏ వైపుకు వంచితే హెలికాప్టరు ఆ వైపుకు సాగుతుంది. మూడవది పాదాల దగ్గరి పెడల్ జత. పైరెక్కలు ఒక వైపు తిరుగుతుంటే ఒళ్ళంతా రెండో వైపు తిరగబోతుంది. దానిని ఆపేది తోక దగ్గరి చిన్న రెక్కలు. వాటి బలాన్ని పెడళ్ళతో పెంచి, తగ్గించి, ముక్కును ఎటు కావాలంటే అటు తిప్పుతారు.

ఈ మూడింటికీ వస్తువులు మన ఇంట్లోనే ఉన్నాయి. మన గుడియాత్తం ప్రాంతం అగ్గిపెట్టెలకు పేరుపడింది. ఇంట్లో అగ్గిపెట్టె అన్నా, బడిలో తీప్పెట్టి అన్నా, దాని అట్ట నేలకూ కుర్చీలకూ చక్కగా సరిపోతుంది. అగ్గిపుల్లతో మాత్రం కడ్డీ చేయకండి. పుల్ల మందం సుమారు 2 మిల్లీమీటర్లు. అసలులో అది రెండంగుళాల దుంగ అవుతుంది. కడ్డీకి గుండుసూది మేలు. దాని తలే పిడి అవుతుంది. కుర్చీ మీద లుంగీ గుడ్డ ముక్క వేయాలని కూడా అనిపిస్తుంది. కానీ నేత పోగు 24 రెట్లు లావై గోనెపట్టాలా కనబడుతుంది. పలుచని టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి పరిస్తే మెత్తటి దిండులా ముడతలు పడుతుంది. మాత్రల పట్టీ వెనుక ఉండే రేకును 2 మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించి రంగు వేస్తే అవే సీటు బెల్టులు.

గడియారం లాంటి డయళ్ళు వేగాన్ని, ఎత్తును, రెక్కలు తిరిగే వేగాన్ని చూపుతాయి. విమానాల్లో సాధారణంగా వాడే డయల్ అడ్డుకొలత మూడంగుళాల పైచిలుకు. అంటే నమూనాలో 3 మిల్లీమీటర్లు. తెల్ల అట్టకు నల్లరంగు వేసి ఆరనివ్వండి. ఖాళీ అయిన బాల్‌పెన్ను రీఫిల్ చివరను తెల్లరంగులో అద్ది గుండ్రటి ముద్రలు వేయండి. వలయం లోపల సూది మొనతో సన్నగా గీరితే కింది తెలుపు బయటపడి ముల్లులా కనబడుతుంది. అంకెలు వేయాలని తాపత్రయపడవద్దు. అంత దూరం నుంచి అసలువి కూడా చదవలేము. చివరగా ఒక్కో డయల్ మీద రంగులేని గోళ్ళరంగు చుక్క పెడితే అద్దం బిగించినట్టే.

రెండు జాగ్రత్తలు. ఏదైనా ముందు ఊరికే పెట్టి చూసి, అట్ట మనిషిని మళ్ళీ కూర్చోబెట్టి, ఆ తర్వాతే అతికించాలి. ముందు అద్దం మూసేస్తే ఇక వేలు దూరదు. అద్దం దగ్గర ఫెవిక్విక్ వంటి జిగురు వాడకూడదు. దాని ఆవిరి తగిలితే పారదర్శకమైన ప్లాస్టిక్ తెల్లగా మసకబారి, లోపలి శ్రమంతా కనబడకుండా పోతుంది. అక్కడ తెల్ల ఫెవికాలే మంచిది. బ్లేడు పని ఉన్నప్పుడు పెద్దలు పక్కన ఉండాలి.

తల్లిదండ్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ ఒక మనవి. పిల్లలు ఇటువంటి నమూనా చూపించినప్పుడు రంగు ఎంత నున్నగా ఉందో చూసి మార్కు వేయకండి. "అమ్మాయీ, ఈ మీట పైకెత్తితే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే, ఆ గుండుసూది వంకరగా ఉన్నా ఆ పిల్ల హెలికాప్టరును నేర్చుకున్నట్టే. చెప్పలేకపోతే, ఎంత మెరిసినా అది అట్టపెట్టే.