ఆర్థిక ఆంక్షలు - హైదరాబాదు చెప్పే పాఠం

యుద్ధం చేయకుండానే ఒక దేశాన్ని లొంగదీయడానికి అప్పులు, సరుకులు, సాంకేతిక సహాయం నిలిపివేయడాన్నే ఆర్థిక ఆంక్షలంటారు. అయితే ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట, ఇవ్వడం మానిన చేతికీ నష్టం తప్పదు. కనుక ఆంక్షలు విధించేవారు తమకు లాభించే తలుపును తెరిచే ఉంచుకుంటారు. ఇందుకు మన హైదరాబాదే నిదర్శనం.

1998 మే 11, 13 తేదీలలో భారతదేశం, ఆ నెలాఖరున పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపాయి. అమెరికా 1994 నాటి తన చట్టం ప్రకారం రెండు దేశాలపైనా ఆంక్షలు విధించింది. ఆయుధాల అమ్మకం, ప్రభుత్వ రుణాలు ఆగిపోయాయి. నవంబరులో, ప్రత్యేక అనుమతి లేనిదే సరుకు పంపరాని సంస్థల జాబితా వెలువడింది. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్., భారత్ డైనమిక్స్ అందులో ఉన్నాయి. 2011 దాకా వాటికి విముక్తి కలుగలేదు.

అదే నవంబరు 22న, అదే నగరంలోని మాదాపూర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అమెరికా కంపెనీ మైక్రోసాఫ్ట్ ఆ ఏడాదే ఇక్కడ తన కేంద్రాన్ని నెలకొల్పింది. వైటూకే సమస్య ముంచుకొస్తున్న ఆ రోజుల్లో అమెరికా సంస్థలకు మన ప్రోగ్రామర్లు అవసరం. ఆంక్షలు చాలావరకు తొలగింది 2001 సెప్టెంబరులో. అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించింది అంతకు ముందే, 2000 మార్చి 24న!

గోధుమల సంగతీ అంతే. పాకిస్తాన్‌కు గోధుమలు అమ్ముకునే అవకాశం తమ రైతులకు చేజారిపోతుందని, అమెరికా కాంగ్రెసు 1998 జులైలో వ్యవసాయ ఎగుమతుల రుణాలను ఆంక్షలనుండి మినహాయించింది. ఇరాకుకు అలాంటి అదృష్టం లేదు. 1990లో దాని చమురు నిలిచిపోగా, ఆ లోటును ఇతర దేశాలు పూడ్చాయి. చమురు అమ్మి ఆహారం కొనుక్కునే ఏర్పాటు 1996 డిసెంబరులో గాని అమలుకు రాలేదు. ప్రపంచం ఎవరిని వదులుకోగలదో వారిమీదే ఆంక్షల భారమంతా పడుతుందన్నమాట.

ఇస్లాం చూపిన కొలమానం వేరు. యమామా నాయకుడు సుమామా బిన్ ఉసాల్ (రజి) ఇస్లాం స్వీకరించిన తర్వాత మక్కాకు ధాన్యం ఆపివేశారు. ఖురైషీయులు ఆకలికి తాళలేక దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)కు మొరపెట్టుకున్నారు. షిఅబె అబీ తాలిబ్‌లో ఆయనను, ఆయన వంశస్థులను దాదాపు మూడేళ్లు వెలివేసి పస్తులుంచింది ఆ ఖురైషీయులే! అయినా ధాన్యం పంపమని ఆయన ఆదేశించారని సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి. అమెరికా గోధుమలను వదిలింది తన రైతుకోసం. ప్రవక్త వదలమన్నది ఆకలిగొన్న శత్రువుకోసం.

ఆయుధం ఆపడం వేరు, అన్నం ఆపడం వేరు. నేడు ఎన్నో విదేశీ బ్యాంకుల పనులు హైదరాబాదు కార్యాలయాల్లోనే జరుగుతున్నాయి. అక్కడ పనిచేస్తున్న మన యువకులు ఈ తేడాను మరువరాదు.