మెదడు వాపు: ఎలుక నేర్పే పాఠం



మెదడులో గడ్డ అంటే ఆ గడ్డ ఒక్కటే ప్రమాదమని అందరూ అనుకుంటారు. చాలాసార్లు దాని చుట్టూ చేరే నీరు కూడా అంతే ప్రమాదం. చేతికి దెబ్బ తగిలి వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. లోపల వాపు పెరిగేకొద్దీ మెదడు నలిగిపోతుంది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మూర్ఛ దీని లక్షణాలు కావచ్చు. మా ఇళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. మూర్ఛ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించడం చూస్తూ పెరిగాం. అందుకే ఈ విషయం రాస్తున్నాం.

ఇంతకీ ఆ నీరు ఎక్కడిది? మెదడులోని రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని చెరువు కట్టలా కాపలా కాస్తాయి. గడ్డ నుంచి వెలువడే వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రొటీన్ ఆ అతుకులను వదులు చేస్తుంది. కట్టకు గండి పడినట్టు రక్తంలోని ద్రవం మెదడులోకి కారుతుంది.

దీన్ని అడుగడుగునా పరీక్షించాలంటే మనిషి మీద కుదరదు. అందుకే జంతువుల మీద ప్రయోగాలు వచ్చాయి. ఇగోర్ క్లాట్జో అనే శాస్త్రవేత్త పిల్లుల మెదడుకు అతి చల్లని లోహం తాకించి, వాపు ఎలా పాకుతుందో గమనించాడు. రక్తనాళాల నుంచి కారే నీటితో వచ్చే వాపు వేరు, కణాలే ఉబ్బి వచ్చే వాపు వేరు అని 1967లో విడదీసి చెప్పాడు. గడ్డ చుట్టూ వచ్చేది ముఖ్యంగా మొదటి రకం.

అయితే చలి గాయం గడ్డ కాదు కదా! 1968లో ఎలుక మెదడు గడ్డ నుంచి తీసిన సి6 అనే కణాల గురించి శాస్త్రలోకానికి తెలిసింది. మత్తు ఇచ్చిన ఎలుక మెదడులోకి ఈ కణాలను సూదితో పంపితే కొద్ది వారాల్లో గడ్డ పెరుగుతుంది. తర్వాత ఎవాన్స్ బ్లూ అనే రంగును రక్తంలోకి ఎక్కిస్తారు. గండి పడిన చోట మెదడు నీలంగా మారుతుంది. మెదడు ముక్కను తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూస్తే ఎంత నీరు ఉందో తెలుస్తుంది.

కానీ ఎలుక మనిషి కాదు. దాని మెదడు సుమారు 2 గ్రాములు, మనది సుమారు 1,400 గ్రాములు. మనలో వాపు ఎక్కువగా తెల్ల పదార్థం దారుల వెంట పాకుతుంది. ఎలుకలో ఆ పదార్థం చాలా తక్కువ. అందుకే సహజంగా మెదడు గడ్డలు వచ్చే కుక్కలను కూడా పరిశీలిస్తున్నారు.

మందుల సంగతి చూద్దాం. ఈ వాపుకు డెక్సామెథసోన్ పనిచేస్తుందని 1961లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు వెల్లడించారు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే తేలికపడుతుంది. వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకునే బెవాసిజుమాబ్ కూడా వాపు తగ్గిస్తుంది. అయినా గ్లియోబ్లాస్టోమా అనే గడ్డ కొత్తగా బయటపడిన రోగుల్లో అది ఆయుష్షు పెంచలేదని 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలు తేల్చాయి.

దీన్నిబట్టి వాపు తగ్గడం వేరు, గడ్డ నయం కావడం వేరు. తలనొప్పి తగ్గిందని వైద్యం మానకూడదు. స్టెరాయిడ్ మాత్రలను సొంతంగా కొనకూడదు, వాడేవాళ్ళు హఠాత్తుగా ఆపకూడదు. ఈ మాట మీ ఊళ్ళో నలుగురికీ చెప్పండి.

జంతువులకు బదులు వేరే దారి వెతకాలి, వాటి సంఖ్య తగ్గించాలి, బాధ తగ్గించాలి అని రసెల్, బర్చ్ 1959లోనే చెప్పారు. మన దేశంలోనూ ఇలాంటి ప్రయోగాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. రేపు మీలో ఎవరైనా ప్రయోగశాలలో అడుగుపెడితే, ఆ మూగజీవి రుణం మరువకండి.