ఓడల ఊళ్లో భిక్షువులు

ఘంటసాల బౌద్ధస్తూపం చూసొచ్చినవాళ్లు చల్లపల్లిలో నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “అన్నీ వదులుకున్న భిక్షువులు అడవికి పోక, ఓడలు తిరిగే ఊళ్లో ఎందుకున్నారండీ?”

భిక్షువు వండుకోకూడదు, తిండి దాచుకోకూడదు, డబ్బు ముట్టుకోకూడదు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్లోకి వెళ్లి, దొరికింది మధ్యాహ్నంలోపు తినెయ్యాలి. మరి అడవిలో ఆ పాత్రలో అన్నం ఎవరు వేస్తారు? అందుకే విహారం ఊరికి నడిచి వెళ్లేంత దగ్గర, ఊరి గోల వినపడనంత ఎడం.

చిక్కుడుపాదుకి పందిరి ఎలాగో, విహారానికి ఊరు అలాగ. ఘంటసాలలో ఆ పందిరి వేసింది వర్తకులు, నావికులు. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళకారుడు టాలెమీ పేర్కొన్న ‘కొంటకోస్సిల’ రేవు ఇదే. ఇక్కడి శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక, తన దానాల జాబితాలో కంటకశైల (ఘంటసాల పాతపేరు) మహాచైత్యం తూర్పు వాకిట కట్టించిన రాతిమండపాన్నీ చెక్కించుకుంది. వర్తకం జోరుగా ఉన్నన్నాళ్లు పాదు విరగకాసింది. ఓడలు తగ్గాక రాటలు ఒరిగాయి, పాదు నేలకు దిగింది.

ఘంటసాల మ్యూజియంలో స్తూపం తాలూకు లేత ఆకుపచ్చ సున్నపురాయి పలకల్ని దగ్గరగా చూడండి. మా దివిసీమలో ఎంత తవ్వినా ఒండ్రూ ఇసకా ఉప్పునీళ్లే, రాయి తగలదు. అది పల్నాటి రాయి. అంత బరువు దింపుకోవడానికి కృష్ణమ్మను మించిన దారి ఉందా? ఒక్కో పలక వెనక దాత ఖర్చూ, పడవవాళ్ల రెక్కల కష్టమూ ఉన్నాయి. శిల్పి పేరు తెలియకపోయినా ఉలి దెబ్బ మాత్రం ఇంకా పదునుగానే ఉంది.

ఇంగ్లండులోనూ ఇంతే. 635లో ఐడన్ అనే క్రైస్తవ సన్యాసి లిండిస్‌ఫార్న్ ద్వీపంలో మఠం పెట్టింది నార్తంబ్రియా రాజుల బాంబరో కోట కనిపించేంత దూరంలోనే. తేడా దాతల్లోనే: అక్కడి ఆంగ్లో-సాక్సన్ మఠాలకు భూములిచ్చింది రాజులూ దొరలూ. మన విహారాలకు ఎక్కువగా ఇచ్చింది వర్తకులూ ఆడవాళ్లూ.

నాకు కడుపు మండేది వేరే చోట. భట్టిప్రోలు స్తూపాన్ని జనం ‘లంజదిబ్బ’ అన్నారు. దిబ్బ కనిపిస్తే లంకెబిందెల ఆశ ఒకటి. నోరారా తిట్టుపేరు పెట్టి, దాని ఇటుకల్నీ పలకల్నీ కాలువ పనులకు పట్టుకుపోయారు. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ మిగిలినదాన్ని తవ్వించాడు. లోపల ధాతువులు (పవిత్ర అవశేషాలు) దాచిన రాతి కరండాలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో కుబిరకుడనే రాజు పేరుతోపాటు, దానం చేసిన మామూలు మనుషుల పేర్లు కూడా వరసగా చెక్కి ఉన్నాయి.