రంగుల్లేని స్క్రీన్ చూపిస్తేనే బాబాయ్ నోరు విప్పాడు

పాల వ్యాపారం చేసే మా బాబాయ్‌కి ఒక యాప్ చేసిపెడతానని మాటిచ్చా. 60 ఇళ్లు, ఎవరికి ఎన్ని లీటర్లు, నెలాఖరుకి ఎంత బాకీ... అన్నీ నోట్‌బుక్‌లోనే. మూడు రాత్రులు ఫిగ్మాలో కూర్చుని గ్రేడియంట్లు, షాడోలు, ఐకాన్లతో స్క్రీన్లు రెడీ చేశా. బాబాయ్ అన్నది ఒక్కటే: "బాగుందిరా, ఆ నీలం తీసేసి ఆకుపచ్చ పెట్టు." పెట్టా. కోడ్ రాసి ఫోన్‌లో వేసిచ్చా. వారం తిరక్కుండానే ఆయన మళ్లీ నోట్‌బుక్ పట్టుకున్నాడు.

ఈసారి ఎక్స్‌కాలిడ్రా తెరిచా. 2020లో వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ టూల్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, అకౌంట్ కూడా అక్కర్లేదు. గీతలు పెన్నుతో గీసినట్టు కాస్త వంకరగా వస్తాయి, అది కావాలని పెట్టిందే. తెలుగు అక్షరాలు మాత్రం చేతిరాతలా రావు, మామూలు ఫాంట్‌లోనే పడతాయి. నాలుగు డబ్బాలు, కొన్ని పేర్లు, ఇరవై నిమిషాల పని. ప్రింట్ తీసి బాబాయ్ ముందు పెట్టా.

"ఇదేంట్రా, సగంలో వదిలేశావ్?" అంటూనే నా చేతిలో పెన్ను లాక్కుని పేర్ల లిస్ట్ మొత్తం కొట్టేశాడు. "నేను అక్షరాల వరసలో తిరుగుతానా? గుడి వీధిలో మొదలుపెడతా. ఇళ్లు ఆ వరసలో రావాలి. రోజూ అందరికీ లీటర్లు ఎక్కించే ఓపిక నాకెక్కడిది? ఇవాళ పాలు వద్దన్నవాళ్లని మాత్రం నొక్కుతా."

ఇదంతా మొదటిసారే ఎందుకు చెప్పలేదంటే, ఆ స్క్రీన్లు చూసి పని అయిపోయిందనుకున్నాడట. అంత కష్టపడ్డాక మార్చమనడానికి మొహమాటం.

గ్యాడ్జెట్లలో ఇది పాత పద్ధతే. 1996లో వచ్చిన పామ్ వారి పైలట్‌కి ముందు జెఫ్ హాకిన్స్ అదే సైజు చెక్కముక్కని జేబులో వేసుకుని, చాప్‌స్టిక్‌ని స్టైలస్‌గా పట్టుకుని తిరిగాడు. మీటింగ్ ఫిక్స్ చేయాలంటే ఆ చెక్క తీసి క్యాలెండర్ చూస్తున్నట్టు నటించేవాడు!

2008 నుంచి ఉన్న బాల్సమిక్ కూడా వాడి చూశా. బటన్లు, లిస్టులు, ఫోన్ ఫ్రేములు రెడీగా ఉంటాయి, పేరు టైప్ చేస్తే చాలు. స్క్రీన్లు ఎక్కువుంటే ఇదే ఫాస్ట్. కాకపోతే ట్రయల్ అయ్యాక డబ్బు కట్టాలి. ఒక్కరే చేసుకునే ప్రాజెక్ట్‌కి నా ఓటు ఎక్స్‌కాలిడ్రాకే. బటన్ బొటనవేలికి అందుతుందా, ఎండలో అక్షరాలు కనబడతాయా అన్నవి మాత్రం ఇలాంటి బొమ్మల్లో తేలవు, వాటికి ఫోన్ చేతికివ్వాల్సిందే.

రెండో ప్రింట్‌లో బాబాయ్ మళ్లీ రంగు అడిగాడు: రెండు నెలల బాకీ ఉన్న ఇంటి పక్కన ఎర్ర చుక్క.